బాప్తిస్మం అంటే గ్రీకులో ముంచడం ఒక్కటేనా? ఇంట్లో గొడవగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు ఆడపడుచు

అందరికీ వందనాలు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి.

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. నాకు మూడో నెలలో మా గుడి అయ్యగారు (పాస్టరు) నెత్తిన మూడుసార్లు చేత్తో నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కార్డు ఇప్పటికీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అత్తగారిది ఒంగోలు దగ్గర పల్లె, తరతరాల బాప్టిస్టులు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, మా ఆయన వాళ్ల ముత్తాతగారి నాన్న అందులో ఒకరట. ఆ సంగతి ఎత్తకుండా మా ఇంట్లో ఏ పండగా గడవదు.

పెళ్లయి ఆరేళ్లు. ఈ ఆరేళ్లూ మా ఆయన వాళ్ల గుడిలో నాకు బల్ల, అంటే రొట్టె ద్రాక్షరసం తీసుకునే ప్రభువు భోజనం, లేదు. నెల మొదటి ఆదివారం ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల ట్రే వరసలో చేతులు మారుతూ వస్తుంది. మా అత్తయ్య తన గ్లాసు తీసుకుని, ట్రేని నా ఒళ్లో మీదుగా చాపి అవతలి ఆవిడకి ఇస్తారు. గ్లాసులు ఒరిగిపోకుండా నేను అడుగున చెయ్యి పెడతాను. అందించొచ్చు, తాగకూడదు. నాది చిలకరింపు, అది బాప్తిస్మం కిందికి రాదని వాళ్ల లెక్క.

ఇప్పుడు పాపకి నాలుగో నెల. క్రిస్మస్‌కి గుంటూరు తీసుకొచ్చెయ్, మన గుడిలో బాప్తిస్మం ఇప్పిద్దాం అంటుంది అమ్మ. పసిపిల్లకి బాప్తిస్మమేంటి, ప్రార్థన చేసి దేవుడికి ప్రతిష్ఠ చేయిస్తే చాలు, పెద్దయ్యాక తనే తీసుకుంటుంది అంటారు అత్తయ్య. మా ఆయన ఇద్దరికీ సరేనంటారు. మొన్న పాస్టరుగారు ఇంటికొచ్చి ఒక్క మాటలో తేల్చేశారు. "గ్రీకులో బాప్తిజో అంటే ముంచడం. చిలకరించడానికి వేరే మాట ఉంది. గ్రీకు తెలియకుండా వాదించకూడదు" అన్నారు. నాకు గ్రీకు తెలియదు కాబట్టి కాఫీ కలపడానికి లోపలికెళ్లాను.

నేను అడిగేది ఇది. ఆ మాటకి నిజంగా అదొక్కటే అర్థమా? క్రైస్తవులు రాకముందు గ్రీకువాళ్లు దాన్ని దేనికి వాడేవాళ్లు? అంత తేలికైన అర్థమే అయితే మన తెలుగు బైబిల్లో "ముంచుట" అని రాయకుండా బాప్తిస్మము అని ఎందుకు వదిలేశారు? దయచేసి వచనాలతో కొట్టుకోకండి, మా ఇంట్లో అది సరిపడా జరుగుతోంది. మాట సంగతి చెప్పండి చాలు.

పాత సెమినరీ

సిస్టర్, నేను మూడేళ్లు సెమినరీలో గ్రీకు చదివి, ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసుకుంటున్నవాణ్ణి. చాలా రోజులకి పుస్తకం దుమ్ము దులిపించారు.

ముందు మీ పాస్టరుగారికి రావాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. ఆయన చెప్పింది చాలావరకు నిజం. చిలకరించడానికి "రాంటిజో" అని వేరే మాట ఉంది, హెబ్రీ పత్రికలో వస్తుంది. బాప్తిజో మాత్రం ముంచే మాటే.

దాని తల్లి మాట "బాప్తో". ముంచి తీయడం, రంగు వేయడం, రెండూ దాని అర్థాలే. యోహాను 13:26లో యేసు ముక్క ముంచి యూదాకి ఇస్తాడే, అక్కడున్నది బాప్తో. దాని కడుపున పుట్టిన బాప్తిజో ఇంకొంచెం బరువైన మాట. ముంచి తీయడం కంటే ముంచేయడానికి దగ్గర. గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ యుద్ధాల గురించి రాస్తూ మునిగిన ఓడలకి ఈ మాటే వాడాడు. యోనా ఎక్కిన ఓడ మునగబోతోంది అనడానికి యూదు చరిత్రకారుడు యోసేఫస్ వాడిందీ ఇదే. ఆ ఓడల దగ్గర భక్తి ఏమీ లేదు, నీళ్లు తప్ప.

నాకు బాగా నచ్చేవి ఇంకో రెండు చోట్లున్నాయి. ప్లేటో రాసిన విందు సంభాషణలో అరిస్టోఫనీస్ అనే నాటకకర్త, ఇవాళ కాస్త తక్కువ తాగుదామని ఎవరో అనగానే, సరే సరే, నిన్న "మునిగినవాళ్లలో" నేనూ ఒకణ్ణే కదా అంటాడు. ఆ మునగడం బాప్తిజోనే. ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత అయితే ఒథో అనే రోమన్ పెద్దమనిషి గురించి రాస్తూ, కోట్ల అప్పుల్లో బాప్తిస్మం అయి ఉన్నాడంటాడు. మనం అప్పుల్లో మునిగాడు, మందులో మునిగాడు అంటాం చూడండి, అచ్చం అదే. నా టేబుల్ దగ్గరికి రోజూ ఆ అప్పుల రకం బాప్తిస్మం తీసుకున్నవాళ్లే వస్తుంటారు.

బైబిల్లోకి వద్దాం. పాత నిబంధనని క్రీస్తుకి ముందే గ్రీకులోకి మార్చారు కదా, అందులో సిరియా సేనాపతి నయమాను యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగిన చోట ఈ మాటే ఉంది. మన తెలుగులో "మునుగగా" అని హాయిగా రాశారు. కానీ మార్కు 7:4 తీయండి. గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు "కడుగుట" అని ఉంటుంది. గ్రీకులో అది బాప్తిస్మోస్, అంటే గిన్నెల బాప్తిస్మం. లూకా 11:38లో భోజనానికి ముందు యేసు "స్నానము" చేయలేదని ఒక పరిసయ్యుడు, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదుడు, ఆశ్చర్యపోతాడు. అక్కడా ఇదే క్రియ. అన్నానికి కూర్చునే ముందు ఆయన వెళ్లి చెరువులో మునిగి రాలేదని ఆ పరిసయ్యుడి ఫిర్యాదు అయి ఉంటుందని నేననుకోను. కాబట్టి మాట పుట్టుక ముంచడమే, కానీ ఆచారాల్లోకి వచ్చేసరికి అంచులు కాస్త సాగింది.

గమనించారా, ఒకే మాట తెలుగులో మూడు చోట్ల మునగడం, కడగడం, స్నానం అయింది. ఆ సంస్కారం పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గ్రీకునే ఉంచేశారు. మీ మూడో ప్రశ్న అదే. ఆ పని మనవాళ్లు మొదలుపెట్టింది కాదు. మొదట చేసింది లాటిన్ వాళ్లు. వాళ్లకి సొంతంగా మెర్గెరె ఉంది, ముంచడం అని. తింగెరె ఉంది, ముంచి రంగు పట్టించడం అని. దెబ్బకి పూసే టింక్చర్ ఈ తింగెరె ఇంటిదే. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత బాప్తిస్మం గురించి రాస్తూ ఈ తింగెరె చాలాసార్లు వాడాడు కూడా. అయినా చివరికి నిలబడింది గ్రీకు నుంచి ఎత్తుకొచ్చిన బాప్తిజారె. యోహానులో ఆ ముక్క ముంచిన చోట లాటిన్ బైబిల్ తన సొంత తింగెరెతో సరిపెట్టుకుంది. సంస్కారం దగ్గర మాత్రం గ్రీకు మాటే. పూజలో వాడే గిన్నెని వంటింట్లో వాడరు చూడండి, అలా మాటని పక్కన పెట్టేశారు.

మన దేశంలో దీని మీద పెద్ద తగువే నడిచింది. బెంగాల్లోని సెరాంపూర్‌లో మిషనరీ కేరీ దొర వర్గం బాప్టిస్టులు బెంగాలీ బైబిల్లో ఆ మాటని మునగడం అనే అర్థం వచ్చేలా అనువదించారు. మిగతా సంఘాలు ఊరుకుంటాయా? 1830లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ, అలాంటి అనువాదాలకి డబ్బులివ్వం, గ్రీకు మాటనే ఉంచండి అంది. బాప్టిస్టులు విడిపోయి 1840లో బైబిల్ ట్రాన్స్‌లేషన్ సొసైటీ అని సొంతంగా పెట్టుకున్నారు. తర్జుమా చేస్తే ఒకళ్లకి కోపం. చేయకపోతే ఎవరి అర్థం వాళ్లు అందులో పోసుకోవచ్చు. మీ అమ్మగారూ అత్తయ్యగారూ ఒకే మాట పలికి రెండు పనులు చేయగలుగుతున్నది అందుకే.

చీరాల రంగుతొట్టి

అక్కా, నాకు గ్రీకు రాదు, చదివింది టెన్తు. చర్చి కూడా మాది కాదు, రామాలయం వీధి. కానీ పైన ఆయన రాసిన బాప్తో దగ్గర ఆగిపోయాను. ముంచడం, రంగు వేయడం రెండూ ఒకే మాట అన్నారు కదా. ఆ మాట మనకీ ఉందండి. అద్దు.

ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుకుంటాం. చీరకి రంగు అద్దుతాం. మా పని పేరే అద్దకం. పుస్తకంలో అంత పెద్ద అర్థం చెప్పారు గానీ నాకైతే బాప్తో అంటే అద్దు అని రాసేస్తే సరిపోయేదనిపించింది.

ఇంకో మాట. చిలప (నూలు కట్ట) తొట్టిలో ముంచి తీస్తే రంగు పట్టినట్టు కాదు. తడి నూలు, పొడి నూలు రంగుని వేరేగా తాగుతాయి. అందుకే ముందు మామూలు నీళ్లలో నానబెట్టి, పిండి, అప్పుడు తొట్టిలోకి దించుతాం. కర్రకి వేసి తిప్పుతూ ఉండాలి. కర్ర కింద పడ్డ చోటు వదిలేస్తే ఆ జానెడు తెల్లగా మిగిలిపోతుంది, ఆరాక గానీ తెలియదు. నేను పని నేర్చుకునేటప్పుడు అలా పద్నాలుగు చిలపలు పాడుచేశాను. మా నాన్న తిట్టలేదు, వాటితో నాకే లుంగీలు నేయించాడు. తేలియా రుమాలు అనే చేనేత గుడ్డకైతే రంగు కంటే ముందు ఆముదం కాయల బూడిద, నువ్వుల నూనె కలిపి నూలుకి రోజుల తరబడి పట్టిస్తారు. అది జరక్కపోతే ఎర్రరంగు నిలవదు.

మీ చర్చిలో బాప్తిస్మానికి నీళ్లు పట్టేదాన్ని కూడా తొట్టి అనే అంటారని మా ఫ్రెండు చెప్పాడు. తప్పుగా మాట్లాడి ఉంటే క్షమించండి.

గుండ్లకమ్మ బిడ్డ

సిస్టర్, మీ అత్తగారు కరెక్ట్. మాదీ ఒంగోలే. ఆ 2,222 ఊరికే రాలేదు. కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆపినవన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసిపోతే మరో ఇద్దరు. అంతమందికి నెత్తిన చుక్క చిలకరిస్తే గంటలో అయిపోయేది. అయినా ముంచే ఇచ్చారు. అదీ పట్టుదల అంటే.

ఇక మాట సంగతంటారా, ఇంగ్లీషు బైబిల్లో అసలు అర్థం దాచేసింది ఇంగ్లండు రాజు కింగ్ జేమ్స్. ఆయన చిలకరింపు వర్గం కాబట్టి ముంచడం అని రాయొద్దని ఆర్డరేశాడు. ఈ విషయం మీద వాట్సాప్‌లో మంచి మెసేజ్ ఉంది, కావాలంటే పంపుతా.

పాత సెమినరీ

బ్రదర్, క్లౌ దొరగారి గురించి బాగా రాశారు. రాజుగారి మెసేజ్ మాత్రం పంపకండి. కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చింది 1611లో. అంతకు ముందే 1526లో ఇంగ్లీషు అనువాదకుడు టిండేల్ ఆ మాటని తర్జుమా చేయకుండా బాప్టైజ్ అనే రాశాడు. ఇంకా ముందు 14వ శతాబ్దంలో విక్లిఫ్ వర్గం వాళ్ల బైబిల్లోనూ అదే ఉంది. లాటిన్ నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ఎప్పుడో దిగిన మాట అది. రాజు పుట్టకముందే అందరి నోళ్లలో ఉన్నదాన్ని ఆయన ఎక్కడ దాస్తాడు?

ఫిరంగిపురం

మా కతోలిక ఇళ్లలో బాప్తిస్మం అన్న మాటే తక్కువ వినపడుతుందమ్మా. జ్ఞానస్నానం అంటాం. చిన్నప్పుడు బాప్టిస్టు స్నేహితుడు ఒకడు "మీది స్నానమే గానీ బాప్తిస్మం కాదురా" అని ఏడిపించేవాడు. సంస్కృతం తెచ్చి అతికించారనీ అనేవాడు. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత మా ఫాదర్ ఒకాయన చెప్పారు. రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే ఆయన రోమ్ నుంచి చక్రవర్తికి రాసిన విన్నపంలో, ఈ స్నానాన్ని మేము "ఫోతిస్మోస్" అంటాం అని రాశాడట. ఫోతిస్మోస్ అంటే వెలిగించడం. ఫోటో అన్న మాటలో ఉన్న వెలుగే అది. స్నానం, వెలుగు, రెండూ కలిపితే జ్ఞానస్నానమే కదా. ఆ పేరు పెట్టిన పాతకాలపు పాదిరి ఎవరో గానీ బాగానే ఆలోచించాడు.

మేమూ నీళ్లు పోసే ఇస్తాం. నువ్వు చెప్పిన మీ అయ్యగారిదీ పోయడమే, చిలకరింపు కాదు. ముందు ఆ తేడా మీ అత్తయ్యకి చెప్పు.

గుంటూరు ఆడపడుచు

అందరికీ చాలా థాంక్స్. చీరాల తమ్ముడూ, నువ్వు రాసింది మా అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. పద్నాలుగు చిలపల దగ్గర పడీపడీ నవ్వారు.

సెమినరీ అన్నయ్యా, ఇంకొక్కటి అడుగుతాను. మాట ముంచడమే అని మీరూ ఒప్పుకున్నారు. మరి మా లూథరు గారికి ఆ గ్రీకు తెలియదా? పోయడం ఎప్పుడు మొదలైంది? మాది నిజంగా తప్పేనా? నొప్పించకుండా చెప్పక్కర్లేదు, ఆరేళ్లుగా అలవాటైంది.

పాత సెమినరీ

లూథరు గారికి భేషుగ్గా తెలుసు. 1519లో బాప్తిస్మం మీద ఒక ప్రసంగం అచ్చు వేశారు. మొదటి వాక్యాల్లోనే, ఇది గ్రీకులో బాప్తిస్మోస్, లాటిన్‌లో మెర్సియో, అంటే నీళ్లు పూర్తిగా కప్పేసేలా ముంచడం అని చెప్పేశారు. జర్మన్ మాట తౌఫె కూడా లోతు అనే మాట నుంచే వచ్చిందనీ, మాటకి తగ్గట్టు పసిబిడ్డని నీళ్లలో పూర్తిగా ముంచడమే బాగుంటుందనీ ఆయనే రాశారు. అయినా పోసినదాన్ని బాప్తిస్మం కాదని అనలేదు.

పోయడం పాతదే. దిదాఖే అని చాలా తొలినాళ్ల సంఘపు నియమాల పుస్తకం ఒకటి ఉంది. శతాబ్దాలపాటు కనపడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్లో రాతప్రతి దొరికింది. అందులో ఇలా ఉంటుంది: పారే నీళ్లలో ఇవ్వండి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో. చన్నీళ్లు కుదరకపోతే వేణ్నీళ్లు. రెండూ లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి. మీ అయ్యగారు పోసిన మూడుసార్లకి ఇంత వయసుంది. అయితే వరస చూడండి, ఏరు ముందు, చెంబు ఆఖర. మీ అత్తయ్యగారి గుండ్లకమ్మ ఆ పుస్తకంలో మొదటి చాయిస్. దీన్ని ఇద్దరిలో ఎవరూ పూర్తిగా గెలుపుగా చెప్పుకోలేరు.

మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్‌ని ఒకాయన, మంచం మీద జబ్బుతో ఉన్నవాళ్లకి నీళ్లు పోసి ఇచ్చింది చెల్లుతుందా అని అడిగాడు. చెల్లుతుంది అన్నాడాయన. అలాంటివాళ్లని కొందరు క్రైస్తవులు అనకుండా "క్లినికులు" అని వెక్కిరించేవాళ్లట. గ్రీకులో క్లీనె అంటే మంచం. మన క్లినిక్ కూడా ఆ మంచం నుంచే వచ్చింది. అంటే ట్రే ఒళ్లో మీదుగా దాటిపోయిన మొదటి మనిషి మీరు కాదు.

ఇంకొకటి మీ పాస్టరుగారిని మర్యాదగా అడగండి. గ్రీకు ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు గ్రీసు ఆర్థడాక్సు సంఘం వాళ్లు. వాళ్లు ఇప్పటికీ ముంచే ఇస్తారు, మూడుసార్లు, నిండా. కానీ ఇచ్చేది పసిబిడ్డలకి! బట్టలు విప్పి, ఒళ్లంతా ఆలివ్ నూనె రాసి, పెద్ద గంగాళం లాంటి తొట్టిలో ముంచుతారు. ఎలా అన్న దాంట్లో వాళ్లు మీ అత్తయ్యగారి వైపు, ఎప్పుడు అన్న దాంట్లో మీ అమ్మగారి వైపు. బాప్తిజో అన్న క్రియ నీళ్ల గురించి చెబుతుంది. వయసు గురించి దానికి ఏమీ తెలియదు. మీ ఇంట్లో అసలు గొడవ వయసుదైతే గ్రీకుని అందులోకి లాగి లాభం లేదు.

గుంటూరు ఆడపడుచు

రాత్రి అన్నాలయ్యాక ఇదంతా చదివాను. దిదాఖే దగ్గర అత్తయ్య "ఏరు ముందు" అన్న ముక్క మళ్లీ చదవమన్నారు. ఫిరంగిపురం బాబాయిగారు చెప్పినట్టు నాది పోయడం, చిలకరించడం కాదు అన్నాను. "చుక్కలైతేనేం, చెంబైతేనేం" అన్నారు. కాసేపాగి, "మూడుసార్లు పోశారా?" అని అడిగారు. కార్డు మీద ఎన్నిసార్లని రాయరు గానీ, అమ్మ చెప్పింది అన్నాను.

గ్రీకువాళ్లు పసిపిల్లల్ని ముంచుతారంటే మాత్రం నమ్మలేదు. ముక్కులోకి నీళ్లు పోవా అన్నారు. ఫోన్లో వీడియో వెతికి చూపించాను. గడ్డమున్న ఫాదరు బిడ్డకి నూనె రాస్తుంటే కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి లాక్కుని చూశారు. "నూనె రాసి నీళ్లు పోస్తున్నాడు, ఇది మనం రోజూ కాళ్ల మీద వేసుకుని పాపకి చేసేదే కదే" అన్నారు. మూడుసార్లు చూశారు. మూడోసారి, ఆయన మెడ కింద చెయ్యి సరిగ్గా పెట్టలేదని తప్పు పట్టారు.

పాప సంగతి తేలలేదు. మా ఆయన మధ్యలోనే నిద్రపోయారు. వచ్చేది నెల మొదటి ఆదివారం, ట్రే వస్తుంది. అమ్మకి ఆ వీడియో పంపలేదు. పంపానంటే అలాంటి తొట్టి గుంటూరులో ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని పొద్దున్నే ఫోన్ చేస్తుంది.